కుక్కకు పోయిన గురువారం

నా గురువారాన్ని ఒక కుక్కకిచ్చారు.

మా భవనంలో అందరికీ కలిపి నేలమాళిగలో ఒకటే లాండ్రీ గది. స్వీడన్‌లో లాండ్రీ వేళంటే పొలం గట్టు లాంటిది, అన్నదమ్ములైనా దాటకూడదు. గురువారం పొద్దుటి వేళ నాదీ, నా భార్య స్వెయాదీ. చెరో కొసా పట్టుకుని దుప్పట్లు లాగి మడిచేవాళ్లం. ఆమె పోయాక ఒక కొసను తలుపు పిడికి కట్టి లాగేవాణ్ని. వేళ మొదలైన అరగంటలోగా తలుపు తెరవకపోతే ఆ పూట వెనకవాళ్లకు పోతుంది.

పోయిన శీతాకాలం భవన సంఘం తాళంచెవులు వెనక్కి తీసుకుంది. సమావేశంలో కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు పెట్టి అందరి చేతుల్లోకీ బియ్యపుగింజంత చిప్పు ఎక్కించారు. తలుపు పక్క రీడర్‌కు చెయ్యి ఆనిస్తే చాలట. అందరికీ బొటనవేలి మొదట్లో పెట్టారు. నాకు అక్కడ రెండు చేతులకూ రంపపు మిల్లు మచ్చలే. కుడి చిటికెనవేలు మిల్లే తినేసింది. కాబట్టి ఎడమచేతి అంచున, చిటికెనవేలి కింద పెట్టారు.

నా చేతికి తలుపు ఒకసారి తెరుచుకుంటే నాలుగుసార్లు తెరుచుకునేది కాదు. చెయ్యి అడ్డంగా పెట్టమన్నాడు సంఘం అధ్యక్షుడు లేనార్ట్. తరవాత నిలువుగా అన్నాడు. వేడినీళ్లలో ముంచి రమ్మన్నాడు. నేను గోడకు చెయ్యి రుద్దుతుంటే పక్కింటి మైబ్రిట్ బట్టల బుట్టతో వెనకే నిలబడి గడియారం చూసేది. చంకలో ఆమె పొట్టికాళ్ల కుక్క సిక్స్టెన్.

రీడర్లు బాగుచేసే టిల్డా వచ్చింది. ఉంగరం వల్లే అంది. నా చిటికెనవేలికున్నది స్వెయా ఉంగరం. ఇంకో వేలికి పట్టదు. ఆ లోహం చిప్పు పక్కనే ఉండి రీడర్ పంపే సంకేతాన్ని మింగేస్తోందట. కాస్త పక్కకు జరిగినప్పుడే తలుపు తెరుచుకుంటోందట.

"తీసి జేబులో వేసుకో ఈవార్. తెరిచాక మళ్లీ పెట్టుకో," అన్నాడు లేనార్ట్.

"తియ్యను."

"ఒక్క క్షణమే కదయ్యా."

"ఆమె వేలి నుంచి ఒకసారి తీశాను. చాలు."

రీడర్‌లో లోపం లేదని చూపడానికి టిల్డా విడి చిప్పొకటి సాసేజ్‌లో గుచ్చి ఆనించింది. మాంసం గనక చెయ్యిలాగే పనిచేస్తుందట. ఎన్నిసార్లు ఆనించినా తలుపు తెరుచుకుంది. లేనార్ట్ మొహం వెలిగింది. సంఘం చేతులెత్తి ఓటేసి, నా చేతిలో చిప్పును రద్దుచేసి, సాసేజ్‌ను నా పేరున నమోదు చేసింది.

సాసేజ్ ఎందుకు, చిప్పొక్కటే ఇవ్వమన్నాను. కుదరదన్నారు. మాంసంలో లేని చిప్పు తాళంచెవితో సమానం, తాళంచెవులు నిషేధం.

ఉంగరం తీయనక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను. సాసేజ్‌ను కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాణ్ని. ఒక గురువారం దాన్ని బుట్ట మీద పెట్టి, జారిన దుప్పటి కోసం వంగాను. సిక్స్టెన్ నమలకుండా మింగేసింది.

మైబ్రిట్ గడియారం చూసింది. అరగంట అయ్యేదాకా ఆగి, కుక్కనెత్తి దాని పొట్టను రీడర్‌కు ఆనించింది. తలుపు తెరుచుకుంది.

"చూశావా, మొదటిసారికే," అంది.

"కుక్కకు ఉతుక్కోడానికేముంది?"

"దానికో దుప్పటుంది."

సంఘం మళ్లీ కూర్చుంది. చిప్పు మాంసంలోనే ఉంది, పైగా బతికున్న మాంసం, నిబంధన ఎక్కడా తప్పలేదు అన్నాడు లేనార్ట్. రేపో మాపో అది బయటికి రాదా అని అడిగాను.

"వస్తే అది విడి చిప్పవుతుంది. రద్దు చేస్తాం. వేళ మాత్రం చివరిసారి తెరిచినవాళ్లదే."

అందరూ చేతులెత్తారు. టిల్డాకు ఓటు లేదు. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు దుప్పట్లు స్నానాల గదిలో ఉతుకుతున్నాను. ఒక కొసను కుళాయికి కట్టి లాగుతున్నాను. కుళాయి వదులైంది. ఉంగరం వేలికే ఉంది.

మెట్ల మీద ఎదురైతే లేనార్ట్ ఇంకా అడుగుతుంటాడు, కోపం తగ్గిందా అని. ఉంగరం ఎందుకు తియ్యనో ఒకసారి చెప్పాను. ఇంకెవరికీ, ఎప్పుడూ చెప్పను.