తడకర్రయు నుక్కుకాడయు

వైశాఖమాస ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై యెఱ్ఱనేల నెఱియలు వాఱ, తాటితోపుల నీడలు దప్పిగొన్న పశువులవలె మ్రాకుల మొదళ్ళ ముడుచుకొని పడియుండ, సముద్రమునుండి వీచు గాలి సైతము అలసినదానివలె తెఱపితెఱపిగా నూర్పులు విడుచుచుండ, వాల్తేరు మెట్టమీది గాల్ఫు మైదానమున దొరలును దొరసానులును గొడుగుల క్రింద గుమిగూడి యొక ముదుసలి రాకకై యెదురుచూచుచుండిరి.

ఆ ముదుసలి లక్కోజు సింహాద్రాచారి. కులవృత్తిచే వడ్రంగి. ముప్పదియైదేండ్లకు మునుపు విఱిగిన గాల్ఫు కర్ర నొకదానిని బాగుచేయుటకై క్లబ్బు పెరటి గుమ్మమున నడుగిడి, సీమనుండి వచ్చెడు కొయ్యకాడకు మాఱుగా కావడిబద్దలకు వాడెడు మన్యపు తడకర్రను చెక్కి యమర్చి, అది నిలుచునో నిలువదో చూచుటకై తానే యొక బంతిని గొట్టిన దినము మొదలుకొని యాతని బ్రతుకు రెండు పాయలయ్యెను. ఉదయమున క్లబ్బు పెరటి కొట్టమున కర్రలు చెక్కుటయు సాయంతనమున దొరల కాట నేర్పుటయు. ఆడుటకై జీతము గొన్న దేశీయుడు ఆ క్లబ్బున నాతడే మొదటివాడు. ఎందఱినో యోడించెను, క్లబ్బు వరండా మెట్లు మాత్ర మెన్నడు నెక్కి యెఱుగడు. ఇప్పు డఱువది దాటిన యాతని కుడిభుజము ప్రతి దెబ్బకును నిప్పుకణిక పెట్టినట్లు మండుచుండెను.

క్రొత్తగా వచ్చిన కార్యదర్శి బార్న్‌వెల్ దొర ఉక్కుకాడల కర్రలు దెప్పించి, ఇక వడ్రంగి కొట్టమేల యనెను. పాత సభ్యులు మొగమోటపడగా పందెమొకటి యేర్పఱచెను: ఆచారి తన తడకర్రలతోను దొర యుక్కుకర్రలతోను ఆడవలయును, ఆచారి యోడినచో కొట్టము మూయవలయును, నెగ్గినచో నది యాతనికే నిలుచును.

దొర బంతులు దవ్వుగా బోయియు దారిదప్పి డొంకలం బడుచుండెను. ఆచారి బంతులు కొంచెపు దూరమే పోయినను తలచినచోట వ్రాలుచుండెను. కడపటి గుంటకడ కిరువురును సమానులై నిలిచిరి. ఆచారి పండ్లు బిగించి ఆఱు మూరల దూరమునుండి బంతిని మెల్లగా దట్టెను. అది యంచున క్షణమాత్రము తడబడి లోనికి జాఱెను. దొర బంతి యంగుళము ప్రక్కగా దాటిపోయెను.

“నెగ్గితివి, ఆచారీ! కొట్టము నీదే” యని దొర చేయి చాచెను.

“దొరా, ఆ ఇనప కర్రతో ఒక్క దెబ్బ కొట్టనిస్తారా?”

దొర నవ్వి యిచ్చెను. ఆచారి కొట్టెను. బంతి కానుగల వరుసను దాటి, ముప్పదియైదేండ్లలో తానెన్నడును బంపనేరని చోట బడెను. భుజము నొవ్వలేదు. ఆత డా కాడను బొటనవ్రేలితో మొదలు కొసదాక నిమిరి, తప్పు వెదకి కానక, కర్రను దొర చేతికి మరల నిచ్చెను.

“ఆట నాను నెగ్గినాను. పని మాత్రం ఇది నెగ్గినాది. కొట్టం మూసీండి, దొరా.”

“నేను మాట యిచ్చితిని గదా!”

“మీరు మాట తప్పనేదు బాబూ. నా చెయ్యి చెప్పిన మాట నాను ఇనాల గదా.”

ఇంటికడ భార్య గవరమ్మ గడపలోనే యెదురై, “నెగ్గినారేటి?” యని యడిగెను.

“నెగ్గినాను. రేపటేల నుంచి పనిలోకెల్లను.”

ఆమె యాతని మొగము చూచి నూనె వెచ్చజేసి భుజమున మర్దింపసాగెను.

పరుల చేత నైన యోటమిని ఎవ్వడైనను ఎట్లో సహించును. గెలిచి నిలిచిన చోటనే తన యోటమిని తానే పలికి దిగివచ్చుట పని మర్మ మెఱిగినవానికే చెల్లును. సింహాద్రాచారి యా దినమున, బుద్ధి యెఱిగిన పిదప మొదటిసారి, ప్రొద్దు గ్రుంకక మునుపే నిద్రించెను.