మగ్గం మూలన దీపం

సంగటి ముద్దగా పెడితే నాయనకు గొంతు దిగదు. రసంలో వేసి, ఉండ లేకుండా వేళ్లతో పిసికి, చంటిపిల్లకు పెట్టినట్టు పెట్టాలి. పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్లలో భువనేశ్వరి ఆ పని ఒక్క పూట తప్పలేదు. ఆ రోజూ పిసుకుతూ ఉంటే పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. రేపు తిరుపతి ఆసుపత్రికి వచ్చి రక్తం ఇవ్వాలట, ఎముకల పరీక్షకు.

"నీ రక్తం ఎందుకు మే వాళ్లకు?" అంది అత్త వరదమ్మ, తమలపాకుకు సున్నం రాస్తూ. "నీ తల్లి లేచిపోయినది. యాడో సుఖంగా ఉండాది. దాని ఎముకలు మన మగ్గం కిందికి నడిచి వస్తాయా?"

వరదమ్మ నాయనకు స్వయానా చెల్లెలు. భువనేశ్వరి మొగుడు ధనంజయకు తల్లి. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే అయిన ఆడదానికి అలిగి వెళ్లడానికి కూడా ఇంకో గడప ఉండదు.

పది రోజుల కిందట ధనంజయ కొత్త పవర్‌లూమ్‌కు పునాది తవ్విస్తుంటే మగ్గాల షెడ్డు మూలన బండల కింద ఎముకలు బయటపడ్డాయి. ఒకప్పుడు అక్కడ నాయన గుంట మగ్గం ఉండేది, గుంటలోకి కాళ్లు జాపుకుని కూర్చుని నేసేది. తవ్వే కూలీలు వీధిలో చెప్పారు, వీధి నగరి ఊరు మొత్తానికి చెప్పింది, పోలీసులొచ్చారు. లేకపోతే ధనంజయ ఆ సాయంత్రమే కాంక్రీటు పోయించి చేతులు కడుక్కునేవాడు. ఆడమనిషి ఎముకలని, పాతికేళ్లు దాటినవని డాక్టర్లు తేల్చారు.

అమ్మ పేరు కోమలి. భువనేశ్వరికి తొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున లేచి చూస్తే ఆమె లేదు. కంచి నుంచి వచ్చే రంగుల వ్యాపారితో లేచిపోయిందని సాయంత్రానికి అందరికీ తెలిసింది. తెలియజేసింది అత్తే. నాయన దొరస్వామి నడివీధిలో నెత్తిన నీళ్లు పోసుకుని, "నాకు పెండ్లాం సచ్చిపోయింది" అన్నాడు. పౌరుషమంటే దొరస్వామిదే అని మగవాళ్లు మెచ్చుకున్నారు. ఆ వారమే ఆయన గుంట పూడ్చి పైన బండలు పరిచాడు. పెండ్లాం పోయిన దిగులుతో పాపం మగ్గమే పూడ్చుకున్నాడని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఫిర్యాదు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అంతకు ముందు ఏడు బర్రె తప్పిపోతే పుత్తూరు దాకా వెతికి, స్టేషన్‌కు కూడా పోయి వచ్చిన మనిషి నాయన.

అప్పటి నుంచి భువనేశ్వరికి ఒకటే ఇంటిపేరు, లేచిపోయినదాని కూతురు. "మా అన్న మొగం సూసి చేసుకున్నా గానీ, దీన్నెవురు చేసుకుంటారు?" అని అత్త పెళ్లి పందిట్లోనే అంది. నూలు దించడానికి వచ్చినవాడికి మంచినీళ్లిస్తే, "తల్లి బుద్ధి యాడికి పోతాది" అంది. పళ్లు కనబడేలా నవ్వితే ధనంజయ, "ఆ నవ్వే నీ అమ్మను చెడగొట్టిందంట" అన్నాడు. అప్పటి నుంచి ఆమె నోరు మూసుకునే నవ్వుతోంది, నవ్వినప్పుడు. పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా నూలు కండెలు చుట్టేది ఆమె; ఊరు చెప్పుకునేది మాత్రం ధనంజయ నేత గురించే. ఈ తప్పంతా ఆమె ఇంకెవరి మీదా వేయలేదు, అమ్మ మీదే వేసింది. తన్ను ఈ నోళ్లకు వదిలేసి పోయిన అమ్మను ఆమె మనసారా అసహ్యించుకుంది.

ఒక్క పని మాత్రం ఆమెకు మర్యాదగా అప్పగించారు. ఏటా మహాలయ అమావాస్యకు షెడ్డులో ఆ మూల కడిగి, బండకు పసుపు రాసి, నువ్వుల నూనె దీపం పెట్టాలి. మగ్గానికి అని చెప్పారు. పదేళ్ల పిల్లగా మొదలుపెట్టింది. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చిన ఏడు కూడా అత్త వదల్లేదు.

"పోవద్దు" అన్నాడు ధనంజయ, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన ఆ పూట. ఎందుకు వద్దో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికెప్పుడూ రాలేదు. మర్నాడు ఆమె కండెలు చుట్టి పెట్టి, నాయనకు సంగటి తినిపించి, బస్సెక్కింది. మొగుడు వద్దన్న చోటికి ఆమె వెళ్లడం అదే మొదటిసారి.

తిరుపతిలో ల్యాబు నుంచి వచ్చిన కృపామణి మేడం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "ఎముకలు బాగా పాడైపోయాయమ్మా. దవడ పన్ను ఒకటి గట్టిగా ఉంది. దానిలోపల దొరికినదాన్ని నీ రక్తంతో పోల్చి చూస్తాం. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఒకటుంటుంది. ఎన్నేళ్లయినా అది మారదు."

"మా అమ్మ కాదు మేడం. ఆమె లేచిపోయింది" అంది భువనేశ్వరి. పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది ఆ మాట.

"సరే. ఆమె ఫొటో ఏదైనా ఉందా? పళ్లు కనబడేలా నవ్వేది ఉంటే పుర్రెతో కూడా పోల్చవచ్చు."

ఉండేది. రాట్నం పక్కన కూర్చుని పళ్లన్నీ కనబడేలా నవ్వే అమ్మ. పదమూడో ఏట పొయ్యిలో వేసి, అంతా కాలేదాకా అక్కడే నిలబడి చూసింది.

"నేనే కాల్చేసినాను మేడం."

కృపామణి ఆమె మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టింది. సూది దిగుతుంటే భువనేశ్వరి తల తిప్పుకోలేదు.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. ఎస్సై స్టేషన్‌కు పిలిపించి చెప్పాడు. "మీ అమ్మేనమ్మా. అయితే ఎవురివో ఎముకలు చెప్తాయి గానీ, ఎవురు పూడ్చినారో చెప్పవు. మీ నాయన తనకేమీ తెలీదంటా ఉండాడు. మీ అత్తదీ అదే మాట. సాక్ష్యం లేకపోతే కేసు ఈడికే ఆగిపోతాది. నీకేమన్నా తెలిస్తే చెప్పు."

తెలియదంది. ఇంటికి నడిచి వస్తూ ఏడ్చింది. అమ్మ ఎక్కడికీ పోలేదు. తను కండెలు చుడుతున్న చోటికి పది అడుగుల దూరంలోనే ఉంది. తను ఆమెను తిట్టుకున్న ప్రతిరోజూ అక్కడే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నీ అమ్మ మంచిదేనని తేలిపోయె గదా, ఇంక ఇడిసిపెట్టు" అన్నాడు ధనంజయ. వరదమ్మ తమలపాకులు తుడుచుకుంటూ లోపలికి పోయింది. జీవితంలో మొదటిసారి ఆమె నోట్లో మాట లేకపోవడం చూసి భువనేశ్వరికి ఏదో అనుమానం తగిలింది గానీ, అదేమిటో అందలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం నాయనకు సంగటి పిసుకుతూ ఉంటే అత్త నోరు తెరిచింది.

"మే భువనా, రేపు మాలయ అమావాస్య. ఆ మూల కడిగి దీపం పెట్టు. గుంత తవ్వి ఉండాది, జాగర్తగా పో."

అలవాటు కొద్దీ అనేసింది. అనేసి, వక్క నమలడం ఆపింది. భువనేశ్వరి వేళ్లు కూడా రసంలో ఆగిపోయాయి. మహాలయ అమావాస్య పోయినవాళ్ల పండగ. మగ్గానికి ఆ రోజు దీపమేమిటి? ఇన్నేళ్లూ తను అడగలేదు. ఈ ఇంట్లో తను ఏదీ అడగలేదు.

"నాయనా," అంది నెమ్మదిగా, "లేచిపోయినామెకు మాలయ అమావాస్యకు దీపం పెడతారా?"

దొరస్వామి దవడ కదలడం మానేసింది. నోటి చివర నుంచి రసం కారింది. ఆమె తుడవలేదు. ఆయన చెల్లెలి వైపు చూశాడు, తర్వాత కంచం వైపు చూశాడు.

"ఆకలిగా ఉండాది మే. పెట్టు" అన్నాడు.

భువనేశ్వరి లేచింది. కంచం తీసుకెళ్లి వరదమ్మ ఒళ్లో పెట్టింది. "నువ్వు పెట్టు అత్తా, నీ అన్నకు." చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లింది. తవ్వినప్పుడు లేపిన బండ గోడకు ఆనించి ఉంది. ఆమె ఏటా కొబ్బరిపీచుతో తోమినా పోని నల్లటి నూనె మరక దాని మీద అలాగే ఉంది. పోలీసులు నాలుగుసార్లు వచ్చిపోయారు, ఎవరి కంటా పడలేదు. నూనె మరక తోమినవాళ్లకే కనిపిస్తుంది.

"యాడికి?" అన్నాడు ధనంజయ వాకిట్లో అడ్డం నిలబడి. ఆమె అతన్ని తప్పించుకుని వెళ్లిపోయింది.

స్టేషన్‌లో ఎస్సై కాగితం ముందు పెట్టుకున్నాడు. భువనేశ్వరి కుర్చీలో కూర్చుంది, ఎవరూ కూర్చోమనకుండానే.

"రాసుకోండి సార్. ఇరవై ఎనిమిదేండ్లు ఆ మూలన దీపం పెట్టింది నేను. మొదటేడు చిన్నపిల్లను, తెలీక గోడ పక్కన పెట్టినాను. మా నాయన నా చెయ్యి పట్టుకొని, 'అంత పక్కకు కాదు, ఈడ' అని జరిపించినాడు. మీరు మా అమ్మ పుర్రె బయటికి తీసింది ఆయన చూపించిన ఆ బండ కిందనే."