మందులకన్నా ముందొచ్చిన టికెట్టు

"ముందు ఆ టికెట్టు సంగతి చెప్పు. తర్వాత వేలిస్తా," అంది పెద్దమ్మ, ఆ బ్యారక్‌లో అందరికన్నా పాత ఖైదీ.

సూదక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆడవాళ్ళ బ్యారక్ వరండాలో గోడవారగా కూర్చున్న వాళ్ళంతా పొద్దుటినుంచీ చేతులు చంకల్లో దాచుకునే ఉన్నారు. ఎండ మెట్లెక్కి వాళ్ళ పాదాల దాకా వచ్చింది. ఇంతవరకూ ఒక్క వేలూ ముందుకు రాలేదు.

ఆ జైలుకు సూదక్క కొత్త కాదు. నాలుగేళ్ళు ఇదే బ్యారక్‌లో శిక్ష అనుభవించింది. ఒకే సూదితో పదిమందీ పచ్చబొట్లు పొడిపించుకున్నప్పుడు అంటుకుందో, మరెలా అంటుకుందో గాని, హెపటైటిస్ సి ఆమె కాలేయాన్ని పట్టుకుంది. అప్పట్లో మందులు దొరికాయి కాబట్టి మూడు నెలలు మాత్రలు మింగి బతికి బయటపడింది. విడుదలయ్యాక, ఖైదీలకు ఈ జబ్బు నయం చేయించే సంస్థ ఒకటి ఆమెను రోజుకూలీ మీద పెట్టుకుంది. వేలికొసన గుచ్చి, చుక్క రక్తం తీసి, జబ్బు ఉందో లేదో చూడటం ఆమె పని. డాక్టరు గంటసేపు చెప్పినా కదలని ఆడవాళ్ళు, "నాకు తగ్గింది, మీకూ తగ్గుతుంది" అని ఆమె ఒక్క ముక్క అంటే వేలు చాపేవాళ్ళు. సూదక్క అన్న పేరు వాళ్ళు పెట్టుకున్నదే.

"టికెట్టు సంగతి నీకెవరు చెప్పారు పెద్దమ్మా?"

"గోడలకి చెవులుంటాయంటారు. జైలు గోడలకి నోళ్ళు కూడా ఉంటాయి. అడిగినదానికి చెప్పు."

"పెద్ద సభ ఉందట. జైళ్ళలో ఈ జబ్బుకి పనిచేసేవాళ్ళంతా వస్తారట. విమానం, గది, తిండి, అన్నీ వాళ్ళవే. స్కాలర్‌షిప్ ఇచ్చారు."

"అది చదువుకునే పిల్లలకిచ్చేది కదే! నీకెందుకిచ్చారు?"

"మాట్లాడటానికి. పది నిమిషాలు."

"ఎవరి గురించి?"

సూదక్క చేతిలో సూది దించి చూపు తిప్పుకుంది.

"మా గురించే. అంటే మా రక్తం మీద నువ్వు విమానమెక్కుతున్నావన్నమాట!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సూదక్కకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ అనుమానం ఆమె ఇంట్లో వినొచ్చిందే. ఆ కబురు చెప్పిన రోజున వదిన గరిటె పక్కన పెట్టి మరీ అడిగింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడక్కుండానే వాళ్ళు పెట్టారా? ఎందుకైనా మంచిది, కాస్త చూసుకో." అన్న మాత్రం, ఆ సభలో ఒక రాత్రి గది అద్దె చెల్లెలి నెల సంపాదన కంటే ఎక్కువని విని, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. వదిన కుళ్ళుకుంటోందని అప్పుడు సూదక్క అనుకుంది. తనను కూడా మనిషిగా లెక్కేసి ఎవరో పిలిచారన్న సంతోషం రెండు రోజులుంది.

మూడో రోజు సంస్థ డాక్టరు పిలిచాడు. "వెళ్ళేలోగా ఆడవాళ్ళ బ్యారక్ మొత్తం పరీక్షలయిపోవాలి. నూటికి నూరు మందికీ చేశామని అక్కడ నువ్వే చెప్పాలి. నువ్వు చెబితే నమ్ముతారు."

"మందుల సంగతి అడిగితే, సార్?"

"అందుతున్నాయని చెప్పు."

జబ్బు ఉందని తేలిన ఆరుగురికి అయిదు నెలలుగా ఒక్క మాత్ర రాలేదు. ఒకసారి సరుకు లేదన్నారు. ఒకసారి పై ఆఫీసులో ఆగిందన్నారు. ఇంకోసారి, వీళ్ళలో కొందరు విచారణ ఖైదీలు, మధ్యలో బెయిలొచ్చి పోతే మందు వృథా అన్నారు. వచ్చే నెల, వచ్చే నెల అని ఆ మాటలన్నీ లోపలికి మోసుకొచ్చింది తనే. ఆ ఆరుగురిలో కుట్టుపని చేసే పిల్ల ఒకతె ఉంది. దాని కళ్ళు ఇప్పుడు పసుపు కలిపిన నీళ్ళలా ఉన్నాయి. తిన్నది ఇమడటం లేదు. ఈ పూట అది నిటారుగా కూర్చోలేక స్తంభానికి జారగిలబడి ఉంది.

బూట్ల చప్పుడైంది. వార్డరమ్మ వెంట డాక్టరు వచ్చాడు.

"ఏమిటీ, ఒక్కటీ కాలేదా?"

"వేళ్ళివ్వనంటున్నారు సార్," అంది వార్డరమ్మ. "ఇవ్వనివాళ్ళకి వచ్చేవారం ఇంటివాళ్ళతో ములాఖత్ లేదని చెప్పేశాననుకోండి, వాళ్ళే ఇస్తారు."

"వద్దు వద్దు," అని డాక్టరు సూదక్కను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, అంకెలు చూపిస్తేనే డబ్బిస్తారు. డబ్బొస్తేనే మందులొస్తాయి. నేనేం నా ఇంటికి పట్టుకుపోతున్నానా? రెండు వారాల్లో మందులొస్తాయని వాళ్ళకి చెప్పు. నీ మాట వింటారు."

"నిజంగా వస్తాయా సార్?"

డాక్టరు చేతిగడియారం సర్దుకున్నాడు. "వస్తాయనే చెబుదాం."

సూదక్క అతని మొహంలోకి చూసింది. అతను చెడ్డవాడని ఆమెకు అనిపించలేదు. అందుకే మరీ భయమేసింది. ఈ కూలీ పోతే జైలుకెళ్ళొచ్చిన ఆడదానికి ఇంకో పని ఎవరిస్తారు? వదిన వండే కూడు ఎన్నాళ్ళు మింగుడుపడుతుంది?

"పరీక్ష మంచిదే సార్. చేయించుకోమని ఎన్నిసార్లయినా చెబుతాను," అంది. "మందులొస్తాయన్న మాట మాత్రం నేను చెప్పను. అయిదు నెలలు చెప్పాను. ఇంక నావల్ల కాదు. మీరే చెప్పండి."

ఆమె గొంతు పెద్దదేం కాదు. అయినా వరండా అంతా వినబడింది.

డాక్టరు మొహం ఎర్రబడింది. "నీలాంటివాళ్ళకి ఇలాంటి అవకాశం జన్మకొకసారి కూడా రాదు. తెలుసా?"

"తెలుసు సార్. అక్కడికి పంపినా ఇదే చెబుతాను."

"అయితే పంపించాలో లేదో నేనాలోచించాలి," అని అతను వెనుదిరిగాడు. ఆ ఆడవాళ్ళకు ఒక్క మాట కూడా చెప్పకుండానే గేటు దాటాడు.

"సామాన్లు సర్దు. ఈరోజుకి చాలు," అంది వార్డరమ్మ.

సూదక్క వాడని సూదులు ఒక్కొక్కటే పెట్టెలో పెట్టింది. ఎవరూ మెచ్చుకోలేదు. పెద్దమ్మ కళ్ళు చిట్లించి ఆమెనే చూస్తోంది.

"ఇదీ ఏదన్నా నాటకమేమో," అంది చివరికి. "నాకింకా నమ్మకం కుదర్లేదు."

"కుదరకపోయినా ఫర్వాలేదు పెద్దమ్మా."

స్తంభం దగ్గర కుట్టుపిల్ల మెల్లగా తలెత్తింది. "అక్కా, రేపు నిన్ను లోపలికి రానిస్తారా?"

"తెలీదే."

"నువ్వు రాకపోతే మందుల సంగతి మేమెవర్ని అడగాలి?"

వార్డరమ్మ తాళంచెవులు ఆడిస్తూ గేటు దగ్గర నిలబడింది. సూదక్క పెట్టె చంకన పెట్టుకుంది కాని, కాలు మాత్రం కదపలేదు.