పేరు అడగని నీలిపిట్ట

ఆ ఇంట్లో ముందు గది కుట్టుపనికి, వెనక గదులు కాపురానికి. ముందు గదిలో అయిదు మిషన్లు, గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. మూడు బడుల యూనిఫారాలు అక్కడే తయారవుతాయి. పని నడిపించేది అమ్మ. నాన్న సరుకు ఓడమీద వంటవాడు, ఏడాదికి ఒక్క నెల ఇంట్లో కనిపిస్తే గొప్ప. కాలేజీలో అప్పుడే చేరిన పదహారేళ్ల పిల్లని అందరూ పెద్దమ్మాయి అంటారు. ఆరేళ్లదాన్ని చిన్నది అంటారు.

ఇస్త్రీ బల్లకి ఒక కట్టుబాటు ఉంది. పెట్టె వేడిగా ఉండగా బల్ల వదిలి వెళ్లేవాళ్లు "పెట్టె వేడి" అని పైకి చెప్పాలి. దగ్గరున్నవాళ్లలో ఒకరు "చూస్తా" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా అడుగు కదపకూడదు. "చూస్తా" అన్నాక ఇక ఆ పెట్టె పూచీ అన్నవాళ్లదే. తక్కిన విషయాల్లో అమ్మ చూసీచూడనట్టు పోతుంది గానీ, ఈ ఒక్కదాంట్లో చండశాసనురాలు.

కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చేసే ఆవిడ అన్నానికి లేస్తూ "పెట్టె వేడి" అంది. పిల్లలిద్దరూ ఆవిణ్ణి ఇస్త్రీ అక్క అంటారు. కిటికీలో కూర్చున్న పెద్దమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే "చూస్తా" అంది. అనడమైతే అంది. చూడ్డం మాత్రం ఫోన్‌నే చూసింది. చిన్నది వచ్చి వైరు పట్టుకుని లాగింది. పెట్టె దాని ఎడమ చేతిమీద పడింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. పెట్టె ఎవరికి అప్పగించారు? ఇస్త్రీ అక్క పెద్దమ్మాయి వైపు చూసింది. పెద్దమ్మాయి నేల చూపులు చూస్తూ, నాకెవరూ ఏమీ చెప్పలేదు అంది. మిషన్ల చప్పుడులో మిగతావాళ్లకి ఏదీ వినిపించలేదు. ఆరేళ్లుగా చేస్తున్న మనిషిని అమ్మ ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసింది. ఇస్త్రీ అక్క వాదించలేదు. చెప్పులేసుకుని, పెద్దమ్మాయిని ఇంకోసారి చూసి, వెళ్లిపోయింది.

అప్పట్నుంచి పెద్దమ్మాయి పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. చిన్నదాని చెయ్యి మానింది గానీ మచ్చ మిగిలింది. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఆ చెయ్యే. ఇంట్లో మాట్లాడ్డం తగ్గించేసింది. అమ్మ ఏదడిగినా "ఊ", "ఊహూ", అంతకు మించి నోట్లోంచి ముత్యం రాలదు. రెండు పూటలా ఫోన్‌లోకి దూరిపోయేది. బొమ్మలు గీసే పిల్లల గుంపు ఒకటుంది అందులో. అక్కడ ఆమె పేరు ఉడుత.

ఆ రోజుల్లోనే కాలేజీకి ఒక పోలీసు మేడమ్ వచ్చి, ఆన్‌లైన్‌లో జాగ్రత్తగా ఎలా ఉండాలో పిల్లలకి పొద్దున, తల్లిదండ్రులకి మధ్యాహ్నం చెప్పి వెళ్లింది. అసలు పేరు చెప్పొద్దు, ఫోటో పంపొద్దు, ఇల్లెక్కడో కాలేజీ ఎక్కడో చెప్పొద్దు, రమ్మంటే వెళ్లొద్దు. ఇవి అడిగేవాళ్లు ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మొద్దు. పెద్దమ్మాయి పొల్లు పోకుండా నోట్‌బుక్‌లో రాసుకుంది. అమ్మ ఏం రాసుకుందో ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం ఒకటికి రెండుసార్లు వెనక గది గుమ్మందాకా వచ్చి, కూతురి వీపు చూసి వెళ్లింది.

తర్వాతి వారంలో గుంపులోకి నీలిపిట్ట అని ఒకమ్మాయి వచ్చింది. తనకీ పదహారేళ్లేనంది. బొమ్మలు గీయడం రాదట, చూడ్డం ఇష్టమట. ఉడుత గీసిన బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, నక్క బొమ్మలో తోక కుట్టు ఊడినట్టు ఉందని కూడా చెప్పింది. పెద్దమ్మాయి పడీ పడీ నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

అయినా ఒళ్లు దగ్గర పెట్టుకునే మాట్లాడింది. నోట్‌బుక్ తీసి, మేడమ్ చెప్పిన ఒక్కో మాటకీ నీలిపిట్టని సరిచూసింది. నీలిపిట్ట పేరు అడగలేదు. ఫోటో అడగలేదు. ఏ ఊరు, ఏ కాలేజీ అని మాటవరసకైనా అడగలేదు. తిన్నావా, పడుకున్నావా, పరీక్ష ఎలా రాశావు, ఎంతసేపూ ఇవే. నువ్వేంటి మా అమ్మలా తగులుకున్నావని పెద్దమ్మాయి ఒకసారి రాస్తే, అవతల నుంచి నవ్వే ముఖాలు అరడజను వచ్చాయి. నూటికి నూరు మార్కులు వేసి, పెద్దమ్మాయి ఆ పిల్లని నమ్మింది.

నమ్మి, ఒక సాయంత్రం ఆ ఇస్త్రీ పెట్టె సంగతి రాసింది. ఇస్త్రీ పెట్టె చూస్తానన్నాను, చూడలేదు, చెల్లి చెయ్యి కాలింది. అనలేదని అబద్ధమాడాను. ఒకావిడ పని పోయింది. మూడో మనిషికి తెలియని మాట ఇది.

జవాబు రావడానికి గంట పట్టింది. నువ్వు చెప్పగలిగావంటే చెడ్డదానివి కావు అని వచ్చింది. ఇంకేదైనా మనసులో ఉంటే అదీ చెప్పు, నేనున్నాను అని వచ్చింది. పెద్దమ్మాయి తలగడలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నెలల తర్వాత కడుపునిండా అన్నం తింది. ఆ సాయంత్రమే ముందు గదిలో అమ్మ మూడు చొక్కాలకి చేతులు తలకిందులుగా వేసి కుట్టింది. ఎప్పుడూ లేనిది ఇదేమిటని పనివాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

అమ్మకి నువ్వే చెప్పెయ్యి, మనసు తేలికవుతుందని నీలిపిట్ట అప్పుడప్పుడు రాస్తుండేది. పెద్దమ్మాయి భయపడుతూనే సాధన మొదలుపెట్టింది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఆ మాటలు పైకి అనుకుని చూసుకునేది. వచ్చే ఆదివారం చెప్పేస్తానని గురువారం నీలిపిట్టకి మాటిచ్చింది.

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి కిటికీ పక్కన ఇస్త్రీ అక్క నిలబడి ఉంది. ఏమీ జరగనట్టు, చిన్న నిక్కర్ల మడతలు నొక్కుతోంది.

పెద్దమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇస్త్రీ అక్క పెట్టె పక్కన నిలబెట్టి, దగ్గరికి పిలిచి, ఆమె తలమీద చెయ్యి వేసింది.

"మీ అమ్మ మా ఇంటికొచ్చి చెప్పిందమ్మా. నువ్వే నోరు తెరిచి ఆవిడతో చెప్పావంట. ఆ వయసులో నాకంత ధైర్యం లేదు తల్లీ."

పెద్దమ్మాయి ఒక అడుగు వెనక్కి జరిగింది. తను అమ్మతో ఎప్పుడు చెప్పింది? ఎవరు ఉప్పందించారు? నీలిపిట్టే అయివుంటుంది, ఇంకెవరికి తెలుసు గనక! ముందు ఒళ్లు మండింది. కానీ నీలిపిట్టకి తన పేరే తెలియదు. ఇల్లు తెలియదు, అమ్మ తెలియదు. చెప్పాలనుకున్నా ఎవరికి చెబుతుంది?

వెనక గదిలోకి వెళ్లి సంచీ కింద పెట్టి కూర్చుంది. నీలిపిట్ట పేరెందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది. పేరు పెట్టిందే అమ్మయితే ఇంక అడగడమెందుకు? తిన్నావా అని రోజూ అడిగింది, కంచంలో వదిలేసిన అన్నం కళ్లారా చూసి. మేడమ్ చెప్పిన జాగ్రత్తలన్నీ బయటివాళ్ల కోసం. ఇంట్లోంచి వచ్చేవాళ్ల గురించి ఆ జాబితాలో ఒక్క ముక్క లేదు.

పనివాళ్లు వెళ్లేదాకా ఆగింది. అమ్మ కత్తిరింపు బల్ల దగ్గర ఒంటరిగా ఉంది. పెద్దమ్మాయి బల్లకి ఇవతల నిలబడి, నీలిపిట్ట నువ్వేనా అని అడిగింది. అమ్మ బుకాయించలేదు. కత్తెర కింద పెట్టి తలూపింది.

మీటింగులో విన్నవి విని నిద్ర పట్టలేదంది అమ్మ. కూతురు ఎవరి చేతిలో పడిందో, ఎందుకు నోరు మూసేసిందో తెలియక తల్లడిల్లిపోయిందట. ఒకసారి భుజంమీదుగా తొంగిచూస్తే ఉడుత అనే పేరు కంటబడిందట. బడుల ఆర్డర్లకి వాడే ఫోన్‌లో ఆ గుంపులో చేరిందట. ఎవరో దొంగ వచ్చేలోపు తనే వెళ్లి ఆ చోట కూర్చుందామనుకున్నానంది. ఆమె కళ్లు నిండాయి. పెద్దమ్మాయి కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నేను పెట్టె సంగతి రాసి ఎన్ని రోజులైంది?"

"నలభై రోజులు."

"నలభై రోజులు ఆవిడ పని లేకుండా ఉందని తెలిసీ ఊరుకున్నావా?"

వెంటనే పిలిస్తే నీకు తెలిసిపోతుందని ఆగానంది అమ్మ. నువ్వే వచ్చి చెబుతావని రోజూ ఎదురు చూశానంది. ఆదివారం చెప్పేస్తానని నిన్న నువ్వు రాసేసరికి ఇంక చెప్పేసినట్టే కదా అనిపించి, మనసు ఉండబట్టక ఈ పొద్దున వెళ్లి పిలిచేశానంది. రెండు రోజులు. రెండే రోజులు ఆగలేకపోయింది.

ఇన్నాళ్లూ పెద్దమ్మాయి దేన్ని పట్టుకుని లేచి తిరిగిందో, అది అడగాలి.

"నువ్వు చెడ్డదానివి కావు అన్నావు చూడు. అది నిజంగా అనిపించే రాశావా?"

అబద్ధం చెబితే సరిపోయేది. ఎవరైనా చెబుతారు. కానీ అమ్మ నలభై రోజుల అబద్ధంతో అలిసిపోయి ఉంది.

"అప్పుడు కాదే. అప్పుడు నాకు ఒళ్లు తెలియని కోపం. మంచిగా మాట్లాడితే ఇంకా ఏం దాచావో బయటికొస్తుందని రాశాను. తర్వాత తర్వాత, రాయగా రాయగా, నిజంగానే అనిపించింది."

గంట ఆలోచించి పంపిన ఆ ఒక్క మాటని పెద్దమ్మాయి ఎన్నిసార్లు తెరిచి చదువుకుందో లెక్కలేదు. ముక్కూముఖం తెలియని పిల్లకి తనతో అబద్ధమాడే అవసరం లేదు కాబట్టే నమ్మింది. ఇప్పుడా పిల్ల లేదు. క్షమించిన మనిషి లేదు. ఎర వేసిన మనిషి ఎదురుగా ఉంది, పైగా కన్నతల్లి. కోప్పడితే పోతుందేమోననుకుంది గానీ, కోపం కంటే పెద్ద బెంగ ఏదో వచ్చి మీద కూర్చుంది.

అమ్మ బల్ల చుట్టూ తిరిగి రాబోతే, అక్కడే ఉండమంది.

"కూర్చో అమ్మా. నేను ఆదివారం చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతా. నీకు తెలియనట్టు విను."

అమ్మ కుర్చీలో కూర్చుంది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, నిజంగానే ఏమీ తెలియనిదానిలా ఉండాలని చూసింది. పెద్దమ్మాయి రెండు చేతులూ బల్లకి ఆనించింది. ఆ రోజు ఇస్త్రీ అక్క అన్నానికి లేచిందని మొదలుపెట్టింది. పెట్టె వేడి అని తనకి వినపడిందని చెప్పింది. కుళాయి దగ్గర ఇన్ని రోజులు అనుకున్న మాటలే, ఒక్కటీ తప్పిపోలేదు. తర్వాతి మాట నోటిదాకా వచ్చింది. అది రాకముందే అమ్మ తల ఊపింది.

పెద్దమ్మాయి ఆగిపోయింది. అమ్మ వెంటనే తప్పు గ్రహించి, చెప్పమ్మా, వింటున్నాను, చెప్పు అని బతిమాలింది. పెద్దమ్మాయి కొంచెంసేపు ఆమె ముఖంలోకి చూసింది. తెలియని ముఖం కోసం వెతికింది. దొరకలేదు. లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుంది.