తొమ్మిదో భాగం బైండింగుకి వెళ్ళింది

మా స్కూలు లైబ్రరీకి పిల్లలు వచ్చేది ఫ్యాను కోసం. ఈ సంగతి నాకూ పిల్లలకూ తప్ప ఎవరికీ తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పెద్దమేడంకి కూడా తెలుసట. ఒకరోజు తన గదికి పిలిచి, కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టారు.

"పిల్లలు అడుగుతున్న ఆ జపాను బొమ్మల కథలేవో తెప్పించండి. మాంగానో ఏదో అంటున్నారు. కామిక్సు కూడా. అప్పుడైనా పుస్తకాలు ముట్టుకుంటారేమో. కానీ ఏ వయసు పిల్లలకి ఏది తగునో మీరే చూసి ఇవ్వాలి. నాకు ఏ తల్లీ, ఏ తండ్రీ ఫోన్ చెయ్యకూడదు."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడం" అన్నాను. తెలియని పని ఒప్పుకునేటప్పుడు నా గొంతులో ఎక్కడలేని ధైర్యం పలుకుతుంది.

మాది ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న స్కూలు. పుస్తకం మీద చెయ్యి వేస్తే చాలు, అది ఏ వయసువాళ్ళదో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు నాకు పెట్టింది కూడా నేనే.

పెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కో కథా పది భాగాలు, ఇరవై భాగాలు. ఇవన్నీ చదివి తేల్చాలంటే ఈలోపు ఆరో తరగతి పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసకాలా, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ? ప్రతి కథలోనూ మొదటి భాగం మాత్రం చదివి, మిగతా వాటికి అదే తీర్పు ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. ఇంత తెలివైన ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకుని ఇంకో కప్పు టీ తాగాను.

తీర్పులకి రంగులు కూడా పెట్టాను. ఆకుపచ్చ చుక్క అంటించిన పుస్తకం అందరికీ. పసుపు చుక్కది ఏడు, ఎనిమిది తరగతులకి. ఎర్రచుక్క ఉంటే అది పిల్లలకి తగదు, అద్దాల బీరువాలో పెట్టి తాళం. నాలుగు రోజులు తిరక్కుండానే ఆకుపచ్చ అర దగ్గర ఈగలు, ఎర్రచుక్క బీరువా ముందు పిల్లలు. వాళ్ళ లెక్కలో ఎర్రచుక్క అంటే బాగుంటుందని అర్థమట. ఒక కామిక్కులో ఇద్దరు ముద్దు పెట్టుకునే బొమ్మ మీద నేనే తెల్లకాగితం అంటించాను. అప్పటిదాకా ఆ పేజీ మొహం చూసినవాడు లేడు. అంటించిన మర్నాటి నుంచి దాన్ని కిటికీ వెలుగుకి పట్టుకుని చూడటానికి వంతులు వేసుకున్నారు.

ఆ పెట్టెల్లోనే గొడుగుల కథ ఒకటి ఉంది. ఒక పిల్లా, వాళ్ళమ్మా కలిసి గొడుగులు బాగుచేసే కొట్టు నడుపుతుంటారు. పన్నెండు భాగాలు. నేను మొదటి భాగం చదివాను. చక్కగా ఉన్న గొడుగుని ఆ పిల్ల పుల్లపుల్లలుగా విరిచి, నవ్వుతున్న ముసలాయన చేతిలో పెడితే, ఆయన ఏడుస్తూ వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఇదేం చోద్యం అనిపించింది కానీ, పరాయి దేశపు కథ, ఇందులో ఏదో లోతైన వేదాంతం ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నాను. రక్తం లేదు, ముద్దు లేదు. పన్నెండింటికీ ఆకుపచ్చ చుక్కే.

ఆ కథని పట్టుకున్నది కిటికీపిల్ల. ఆరో తరగతి. ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంటుందని మనసులో నేను పెట్టుకున్న పేరు అది. పోయిన వేసవిలో వాళ్ళమ్మ చనిపోయిందని క్లాసు టీచరు చెప్పింది. క్లాసులో నోరు విప్పదట. ఎవరితోనూ కలవదట. నా దగ్గరికి మాత్రం వచ్చేది. పుస్తకం బల్ల మీద పెట్టి, "మేడం, తర్వాతది" అనేది. మొత్తం మీద మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది. "పిల్లకి సరైన పుస్తకం పడాలండీ, పడితే అదే దారికొస్తుంది" అని స్టాఫ్ రూములో వినేవాళ్ళకీ, విననివాళ్ళకీ చెప్పాను.

చుక్కలు అంటించే పని ఇంటి దగ్గర చేసేదాన్ని. అంటించినవి అంటించినట్టు స్కూలుకి మోసుకెళ్ళేదాన్ని. మా అత్తగారు మాతోనే ఉంటారు. టీవీ సీరియళ్ళలో కథ కదలడం లేదని విసుగెత్తి, నేను తెచ్చిన పుస్తకాల మీద పడ్డారు. నేను చుక్క అంటించేలోపే ఆవిడ పుస్తకం ముగించేసేవారు. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంకో కథ మొదటి భాగం తెరిచి కూర్చుంటే, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నా వంక చూశారు.

"అదేంటమ్మాయ్, వెనక నుంచి చదువుతున్నావు?"

"ఇది ముందేగా అత్తయ్యా."

"ముందెలా అవుతుందీ? ఇవి కుడి నుంచి ఎడమకి చదవాలి. నువ్వు తెరిచావే, ఆ పేజీలోనే రాశాడు కదా, 'తప్పువైపు నుంచి వచ్చారు, పుస్తకం తిప్పండి' అని."

ముందుమాటలు చదివే అలవాటు నాకు లేదు. లైబ్రేరియన్లకి అంత తీరిక ఎక్కడిది? తిప్పి చూశాను. స్కూల్లో ఉన్న గొడుగుల కథ మొదటి భాగాన్ని మనసులోనే తిప్పి చూశాను. ఏడుస్తూ వానలో వచ్చిన ముసలాయన దగ్గర విరిగిన గొడుగు తీసుకుని, దాన్ని చక్కగా బాగుచేసి, నవ్వించి పంపుతోంది ఆ పిల్ల. నేను పట్టి చూసిన ఆ ఒక్క మెతుకు కూడా కుండ అడుగు నుంచి తీసిందన్నమాట.

"నాకు తెలుసులెండి, ఊరికే చూస్తున్నా" అన్నాను. అత్తలేని కోడలుత్తమురాలు అంటారు. నాకు ఆ అవకాశం దక్కలేదు.

"ఏమైనా ఆ గొడుగుల కథ ఎంత బాగా రాశాడమ్మాయ్! తొమ్మిదో భాగంలో ఆ తల్లి పోయినప్పుడు నాకు ఏడుపు ఆగలేదంటే నమ్ము."

"ఏ తల్లి?"

"ఆ పిల్ల తల్లే. ఇంకెవరు? ఆసుపత్రి నుంచి తెస్తారు చూడు, వాన పడుతుంటే..." అని ఆగి నా మొహం చూశారు. "చదివే ఇస్తున్నావుగా పిల్లలకి?"

ఎనిమిదో భాగం శుక్రవారమే కిటికీపిల్ల తీసుకెళ్ళింది. ఇచ్చింది నేనే. ఇచ్చి, "భలే చదువుతున్నావే" అని మెచ్చుకున్నది కూడా నేనే. రేపు వచ్చి తర్వాతది అంటుంది. తల్లి పోయిన పిల్ల చేతిలో తల్లి పోయే కథ, అదీ ఆకుపచ్చ చుక్కతో సహా పెట్టబోతున్నాను. నిజంగా భయమేసింది. పెద్దమేడంకి ఫోన్లు వస్తాయని కాదు. ఆ పిల్ల ఇంత లోకంలో వెతుక్కుని వెతుక్కుని దూరిన చోటు ఆ కథ ఒక్కటే, అక్కడ కూడా దానికి దెబ్బ తగలబోతోంది.

మర్నాడు స్కూలుకి వెళ్ళగానే తొమ్మిదో భాగం మీద ఆకుపచ్చ చుక్క గీకేసి ఎర్రది అంటించాను. బీరువాలో పెడితే అద్దంలోంచి కనిపిస్తుందని నా చేతిసంచిలో దాచాను.

"మేడం, తర్వాతది."

"అది బైండింగుకి వెళ్ళింది తల్లీ."

"కొత్త పుస్తకమే కదా మేడం?"

"కొత్తవే తొందరగా ఊడతాయి."

మా స్కూలుకి బైండరు లేడు. ఊడిన పుస్తకాలకి నేనే టేపు వేస్తాను. కానీ ఒక అబద్ధం ఆడాక దానికి తోడు ఇంకోటి కావాలి కదా. ఆ లేని బైండరుకి మర్నాడు జ్వరం తెప్పించాను. ఆ తర్వాత కరెంటు తీయించాను. ఒకరోజు ఏదీ తోచక, "వాళ్ళమ్మ పోయి..." అని మొదలుపెట్టి, సగంలో నాలిక కరుచుకుని, "వాళ్ళమ్మ పొరుగూరు పోయి ఇంకా రాలేదట" అని ముగించాను. కిటికీపిల్ల నన్నే చూస్తూ నిలబడింది. తల్లి పొరుగూరు వెళితే బైండింగు ఎందుకు ఆగుతుందని అడగలేదు. అబద్ధం చెబుతున్నందుకు సిగ్గుపడాల్సింది నేను కదా, ఆ పిల్లే తల దించుకుంది.

దానికి కుక్కపిల్ల కామిక్కు ఇచ్చాను. జోకుల పుస్తకం ఇచ్చాను. మర్యాదగా తీసుకుని, మర్యాదగా తెచ్చి పెట్టేది. ఆ తర్వాత లైబ్రరీ పీరియడుకి రావడమే మానేసింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. బయటికెళ్ళి చూస్తే మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది, చేతిలో ఏ పుస్తకమూ లేకుండా. నాకు ఏడుపొచ్చినంత పనయింది. కాపాడటమంటే ఇదా అనిపించింది.

దిక్కుతోచక అత్తగారికి చెప్పాను.

"దీనికింత ఆలోచనెందుకు? తొమ్మిదోది ఎగ్గొట్టి పదోది ఇచ్చెయ్యి" అన్నారు. "నేను సీరియల్ వారం రోజులు చూడకపోయినా కథ అర్థం కావట్లేదూ?"

ఇంగితం ఉన్నవాళ్ళెవరూ ఈ సలహా వినరు. నేను విన్నాను. మర్నాడు పదో భాగం తీసుకుని మెట్ల దగ్గరికే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, దాని కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఇదిగో, వచ్చేసింది."

అట్ట చూసింది. "ఇది పదోది మేడం."

"ఆ, తొమ్మిదిలో పెద్దగా కథేం లేదులే. ఇదే బాగుంటుంది."

"తొమ్మిదిలో వాళ్ళమ్మ చనిపోతుంది మేడం" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎనిమిది చివర్లోనే ఉందిగా. డాక్టరు బయటికొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఏమీ మాట్లాడడు." పదో భాగం నా వైపు జరిపి, "మాకూ అలాగే చేశాడు" అంది.

ఎనిమిదో భాగం నేను చదవలేదని దానికి చెప్పలేకపోయాను. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మరి తెలిసి తెలిసి ఆ పుస్తకం ఎందుకమ్మా నీకు? బాధగా ఉండదూ?"

"ఆ తర్వాత రోజు తను ఏం చేసిందో చూద్దామని మేడం. స్కూలుకి వెళ్ళాలి కదా."

ఇక ఏ అబద్ధమూ తోచలేదు. సంచిలోంచి తొమ్మిదో భాగం తీసి బల్ల మీద పెట్టాను. ఎర్రచుక్క వంక చూసింది. బైండింగు నుంచి ఎప్పుడు వచ్చిందని అడగలేదు. సరైనవైపు నుంచి తెరిచి చదవడం మొదలుపెట్టింది.

నేను టేపు వేసే పని పెట్టుకుని దాని ఎదురుగానే కూర్చున్నాను. ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. చేతిరుమాలు ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పేజీలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒకచోట చాలాసేపు ఆగింది. కింది పెదవి పళ్ళకింద నొక్కి పట్టుకుంది. నేను వేసిన టేపు వంకరపోయి రెండు పేజీలు అతుక్కుపోయాయి. తర్వాత పేజీ తిరిగింది.

చివరికి తల ఎత్తి పుస్తకం నా వైపు జరిపింది. "చూడండి మేడం."

అద్దం ముందు నిలబడి ఉంది గొడుగులపిల్ల. పళ్ళ మధ్య రిబ్బను పట్టుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి జడ వేసుకుంటోంది. పక్క బొమ్మలో అదే జడతో క్లాసులో కూర్చుని ఉంది. పైన వదులుగా ఉబ్బి, పాయలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా, చెవి వెనక నుంచి జుట్టంతా జారిపోయి ఉంది.

"తనకీ రాలేదు మేడం" అంది కిటికీపిల్ల. ఆ పిల్ల నవ్వడం నేను మొదటిసారి చూశాను.

అప్పుడు చూశాను దాని జడ. చుట్టూ చెంపపిన్నులు గుచ్చినా నిలవకుండా ఒక పక్కకి ఒరిగిపోయి, కొస దగ్గర రబ్బరు బ్యాండు ఎన్నిసార్లు చుట్టిందో లెక్కలేదు. ఎన్నాళ్ళ నుంచి అలా వస్తోందో ఏమో. పుస్తకాల్లో ఏ మూల ఏ తప్పుంటుందోనని వెతికిన నేను, రోజూ నా బల్ల ముందు నిలబడే పిల్ల తల వంక ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

"నేను వెయ్యనా తల్లీ?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడం. నేనే నేర్చుకుంటున్నా."