ఎండలో ఆరబెట్టిన పన్ను

మా మనవరాలు శివాని పళ్ల డాక్టరు. బేతంచెర్ల బజార్లో, స్టేషనుకు పోయే దోవలో కొత్తగా ఆసుపత్రి తెరిచింది. తెరిచి ఎన్నాళ్లయినా ఆ పెద్ద కుర్చీలో ఈగలు తప్ప ఎవరూ కూర్చోలేదు. పన్ను నొప్పి వచ్చినవాళ్లు లవంగం నమిలేవాళ్లు, లేదంటే బస్సెక్కి కర్నూలుకు పోయేవాళ్లు.

"నిన్న మొన్న రెండు జడలేసుకోని తిరిగిన పిల్ల. దాని చేతికి నోరు అప్పజెప్పాల్నా?" అని ఎదురుగా టీ హోటల్ పెట్టుకున్న ఓబుళేశు వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పేవాడు. టీకి డబ్బులు తీసుకునేవాడు గానీ ఆ మాట ఊరికే ఇచ్చేవాడు.

ఈ ఎండాకాలంలో కూడా ఎవరూ రాకపోతే ఆసుపత్రి మూసేసి, హైదరాబాదులో ఎవరి దగ్గరో జీతానికి చేరతానని శివాని అనేసింది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు.

అట్లాంటప్పుడు నా ముందుపన్ను విరిగింది.

పక్కింటి రామసుబ్బమ్మ చెనిక్కాయల ఉండలు చేసి పంపింది. పాకం ముదిరింది. కొరికితే ఉండకు ఏమీ కాలేదు, పన్ను విరిగింది. ముక్కను కడిగి, తువ్వాలు అంచున ముడేసుకుని నేరుగా ఆసుపత్రికి పోయాను. ఏడవాల్సినవాణ్ణి నవ్వుకుంటూ పోయాను. మొదటి బేరం తాతదే అయితే ఏం పోయింది?

"జేజినాయనా, ముక్క పారెయ్యకుండా తెచ్చినావు సూడు, అదీ తెలివంటే. దీన్నే అతికిస్తా" అంది శివాని.

"నిలుస్తాదా, తల్లీ?"

"నేను అతికిస్తే నిలవదా?"

ఆ వేళకు రోజూ కరెంటు పోతుంది. పోతే కుర్చీ కదలదు, దాని పైదీపం వెలగదు. ఆ కంగారులో శివాని ఫ్రిజ్జులోంచి చిన్న మందు సీసా తీసి, తీసింది తీసినట్టే పంటికి పూసి, ముక్క పెట్టి, నీలంగా వెలిగే చేతిదీపం ఒకటి నోట్లో పట్టింది. అయిపోయిందని నేను లేచీ లేవకముందే కరెంటు పోయింది.

"ఈ పొద్దుకు కాగే టీ వద్దు, ఐసు నీళ్లు వద్దు. ఏదైనా గోరువెచ్చగానే" అని చెప్పి పంపింది.

ఆరబెట్టమని మాత్రం చెప్పలేదు. చెప్పేదేముంది, నాకు తెలియదా అనుకున్నాను. నా బతుకంతా నాపబండల మధ్యే గడిచింది. విరిగిన బండను మందుతో అతికిస్తే ఎండలో పెడతాం. ఎండ ఎంత కాస్తే అతుకు అంత గట్టి. చలికాలంలో అతికించిన బండ ఎత్తబోతే రెండుగా చేతికొస్తుంది. బండకైనా పంటికైనా మందు మందే కదా! ఆసుపత్రి ముందున్న బండల దొంతి మీద తువ్వాలు పరిచి కూర్చుని, తల వెనక్కి వాల్చి, పెదవి పైకెత్తి, నోరు సూర్యుడికి అప్పగించాను.

మే నెల ఎండ. తీగ మీద కాకులు కూడా నోళ్లు తెరుచుకునే కూర్చున్నాయి. కానీ వాటిని ఎవరూ ఏమీ అడగలేదు.

నన్ను ఓబుళేశు అడిగాడు. "ఏమప్పా నరసన్నా, నోరు తెర్సుకోని కూచున్నావు?"

మూస్తే పంటికి నీడ పడుతుంది. పొమ్మని చెయ్యి ఊపాను. రమ్మన్నాననుకుని దగ్గరికి వచ్చాడు.

"పలకవేందప్పా?"

"ఆఁ" అన్నాను. తెరిచిన నోటితో అంతకంటే ఏమొస్తుంది?

"అయ్యయ్యో, మూత పడ్డంలేదు! ఒరే, రాండ్రా! మనవరాలు వైద్యం జేస్తే నరసన్న నోరు పట్టుకపాయె!"

బజారంతా వచ్చింది. దవడ జారిందని ఒకడన్నాడు. కింద నుంచి ఒక్కటి గుద్దితే సర్దుకుంటుందని ఇంకొకడన్నాడు. రామసుబ్బమ్మ వచ్చి, "పొద్దున గూడా బాగనే ఉండె గదమ్మా, నా ఉండలు తినింటే బలమన్నా ఉండు" అని కళ్లొత్తుకుంది. ఆ ఉండ సంగతి చెప్పాలని నాలుక ఎంత పీకిందో నాకే తెలుసు.

"ఎండదెబ్బ! జప్పున నీళ్లు పొయ్యండి!" అని రామసుబ్బమ్మే ఓబుళేశు ఐసుపెట్టెలోని సీసా లాక్కొచ్చి, నోరు ఎట్లాగూ తెరిచే ఉంది కాబట్టి, దాంట్లో గుమ్మరించింది.

కాలిన పెనం మీద నీళ్లు పడ్డట్టయింది. పొలమారి దగ్గాను. ముక్క ఎగిరి ఓబుళేశు పాదం మీద పడింది. తేలు పడినట్టు వాడు గంతేశాడు.

"అతికిచ్చిన పన్ను అప్పుడే ఊడిపాయె!"

ఆ కేకకు శివాని గడపలోకి వచ్చింది. దాని మొహం చూసి బండల దొంతి మీంచి దిగాను.

"జేజినాయనా, ఎండలో యాల కూచున్నావు?"

"ఆరబెట్టుకుంటాండా, తల్లీ. బండలు ఆరబెట్టమా?"

"అది లోపల్నే గట్టిపడిందప్పా! దీపం పట్టింది అందుకే గదా!"

అందరూ నవ్వారు. ఓబుళేశు మాత్రం, "గట్టిపడింటే యాల ఊడుతాదమ్మా?" అన్నాడు.

బజారు మొత్తం శివాని వైపు చూసింది. తాత తిక్కపని చేశాడని నా మీదికి తోసేస్తే అందరూ నమ్మేవాళ్లే. తోసెయ్యమ్మా అని మనసులో మొక్కుకున్నాను.

"సగం తప్పు నాదే" అంది. "కరెంటు పోతాదని తొందరపడి మందును సల్లగున్నప్పుడే పూసినా. సల్లగుంటే అది చిక్కగుంటాది, పంటిలోకి ఇంకదు. బయట పెట్టి, గది వేడికి వచ్చినాక పుయ్యాల. మిగిలిన సగం, కాగిన పంటి మీద ఐసు నీళ్లు పోసినోళ్లది."

రామసుబ్బమ్మ సీసాను కొంగు చాటుకు లాక్కుంది.

"మళ్లా అతికిస్తా. నమ్మకం లేనోళ్లు లోపలికొచ్చి సూడండి."

ముక్కను గిన్నెలో నీళ్లలో వేసింది. మందు సీసాను బల్ల మీద పెట్టింది. సీసాకు చెమట పట్టింది. "ఆ చెమట పోవాల, కరెంటు రావాల" అంది.

లోపల కిందా, గోడలకూ నాపబండలే. బయట పొయ్యి, లోపల నీడ. వచ్చినవాళ్లు ఎవరూ కదల్లేదు. అందరూ సీసా వంకే చూస్తూ కూర్చున్నారు. చోటు లేక ఓబుళేశు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. "ఊరికే కూచున్నా" అని అడగకుండానే చెప్పాడు. ఆ చల్లదనానికి కునుకు పట్టి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి కుర్చీ పైదీపం భగ్గున వెలిగింది.

శివాని వంగి చూసింది. "ఓబుళేశు మామా, ఆ దవడపంట్లో ఎన్ని లవంగాలు కుక్కినావు?"

వాడు ఉలిక్కిపడి లేచాడు. దవడ పట్టుకుని చుట్టూ చూశాడు. తప్పించుకునే దారి లేదు.

"శానా నొప్పమ్మా. రాత్రులు నిద్ర ల్యా. ఇన్ని మాటలని, నీ తావికి ఏ మొగం పెట్టుకోని రావాల?"

"ఆ మొగంతోనే రా. నోరుండేది దాంట్లోనే గదా. ముందు మా జేజినాయనది, తర్వాత నీది."

"వాని ఎనక నేను" అంది రామసుబ్బమ్మ గోడ పక్కనుంచి.

సాయంత్రం ఓబుళేశు హోటల్ బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నా పన్ను నిలిచింది. వాడి పన్ను పోయింది. ఇద్దరి ముందూ టీ గ్లాసులు పొగలు కక్కుతున్నాయి.

"ఊదప్పా" అన్నాను.

"నువ్వే ఊదు. సూదేసినాక నా పెదవి యాడుండాదో నాకే తెలీడంలే."

ఇంతలో రామసుబ్బమ్మ పళ్లెంతో వచ్చింది. "ఈతూరి పాకం లేతగా పట్టినా, తినండప్పా."

ఇద్దరం ఒకేసారి నోళ్లు మూసుకున్నాం.