రెండు దారాల పతంగి

పతంగి మళ్లీ తలకిందులై నేలకు గుద్దుకుంది.

"ఉస్తాద్, బోరు గిట్ల ఏస్తున్నవా?" ఎల్లేశం అరిచాడు. కోట గుట్ట కింది మైదానంలో నవ్వులు.

మెహమూద్ పళ్లు కొరుకుతూ పతంగి వైపు పరుగెత్తాడు. భువనగిరిలో అతని పతంగిని కోసిన మొనగాడు లేడు. ఎల్లేశం పతంగులైతే ఏటా అతని చేతిలోనే తెగేవి. అలాంటి మెహమూద్‌కు, బావమరిది లియాఖత్ అలీ జెద్దా నుంచి తెచ్చిన ఈ వింత పతంగి పొద్దున్నుంచీ చుక్కలు చూపిస్తోంది.

చేతికో దారం. ఎడమది లాగితే ఎడమకు, కుడిది లాగితే కుడికి తిరుగుతుంది. చెప్పడానికి అంతే! పతంగి కాస్త వంగగానే మెహమూద్ చేతులు పాత అలవాటుకొద్దీ దారం వదులు చేసేవి. మామూలు పతంగిని బతికించేది అదే. దీన్ని చంపేదీ అదే.

"దుల్హే భాయ్, నా బస్సు టైమైతాంది," బావను తొందరపెట్టాడు లియాఖత్. "ఒక్క చక్కరు తిప్పి, కూలకుండ దింపు. పతంగి నీదే. లేకుంటే ఎల్లేశంకిచ్చి పోత."

"ఎల్లేశంకా?"

మెహమూద్ నెత్తురు ఉడికింది. ఆ ఊపులో లాగాడు. గుట్ట రాయికి ఒరుసుకుని ఒక దారం పుటుక్కున తెగింది. అతను ఆగలేదు. దారం చుట్టిన తన చరఖా తెప్పించి, పతంగికి రెండు వైపులా గాజుపొడి పూసిన మాంజానే కట్టాడు.

"గిప్పుడు ఆ రాయిని తెంపుమను, చూస్త!"

ఆషాఢం గాలి రివ్వున వీచింది. ఈసారి చేతులు వదులు కానివ్వలేదు. పతంగి లేచింది. ఎడమ చెయ్యి లాగాడు. కోట బండ ముందు అది గిర్రున పూర్తి చక్కరు కొట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

"దించు, దుల్హే భాయ్, దించు!"

దింపితే అయిపోయేది. కానీ ఎల్లేశం మొహం చూశాక మెహమూద్ ఊరుకోలేకపోయాడు. మరో చక్కరు. ఇంకొకటి. పైన రెండు దారాలూ ఒకదానికొకటి మెలిపడ్డాయి. మాంజా మాంజాను కోసింది. ఎడమ చెయ్యి ఒక్కసారిగా తేలికైంది. పతంగి గింగిరాలు తిరుగుతూ వచ్చి పడితే ఎల్లేశం ఒడిసిపట్టాడు.

"తెగిన పతంగి దొరికినోనిది!"

అది ఊరి కాయిదా. కాదనేవాడు లేడు.

"ఒక్క దారమే తెగింది గద," లియాఖత్ అడ్డుపడ్డాడు. "ఇంకోటి మా దుల్హే భాయ్ చేతులనే ఉన్నది."

అందరూ మెహమూద్ వైపు చూశారు. కుడిచేతి దారం ఇంకా బిగువుగానే ఉంది. లాగితే పతంగి తనది. కాయిదా మాత్రం తప్పుతుంది. అతను దాన్ని పళ్లకు ఆనించి కొరికేశాడు. పెదవి చీరుకుని నెత్తురు వచ్చింది.

"తీస్కపో."

ఎల్లేశం నవ్వలేకపోయాడు. లియాఖత్ తల పట్టుకుని బస్టాండు దారి పట్టాడు. మెహమూద్ నాలుగడుగులు వేసి, గిరుక్కున వెనక్కి వచ్చాడు.

"నీకు తిప్పరాదు. పొద్దుగాల రా, నేర్పుత. జరసేపు నాకియ్యాలె మరి."

"పొద్దుగాలెందుకు ఉస్తాద్?" ఎల్లేశం పతంగిని చంకన పెట్టుకున్నాడు. "ఇంక ఎండున్నది గద!"

"మాంజా గాదు, ఉత్త దారం తెస్త, ఉండు," అంటూనే మెహమూద్ సైకిలెక్కాడు.